పాలపన్ను పొడుచుకొచ్చే వేళ

మే నెల. గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి ఇల్లు. పొద్దున్నుంచీ అమ్మా, చెల్లెలూ ఆవకాయ కలుపుతున్నారు. ఉయ్యాలలో చిన్నాడు రాగం మొదలుపెట్టాడు. ఎనిమిదో నెల వాడికి. నాలుగు రోజులుగా చొంగతో చొక్కా తడిసిపోతోంది, చేతికి దొరికిందల్లా నోట్లోకి వెళ్తోంది, రాత్రిళ్ళు ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. "పళ్ళొస్తున్నాయే, చిగుళ్ళు సలుపుతున్నట్టున్నాయి" అంటూ అమ్మ చేతులు కడుక్కొచ్చి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని, చూపుడువేలితో కింది చిగురు మెల్లగా రుద్దింది. మరుక్షణం వాడు పెట్టిన కేకకి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

అమ్మ చెయ్యి కడుక్కుంది నిజమే. కానీ మిరపకాయకి మంటనిచ్చే క్యాప్సేసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. గోళ్ళ సందుల్లో దాక్కుంటుంది. మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంది. దాన్ని క్యాప్సేసిన్ తాకితే అక్కడ నిప్పు తగిలినట్టే మెదడుకి కబురు వెళ్తుంది. ఈ ప్రోటీన్‌ని 1997లో కనిపెట్టింది డేవిడ్ జూలియస్ బృందం. 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఆయనొకరు. పెద్దవాళ్ళం మనం నాలుగు ముద్దలు తిని "కారం బాగుంది" అంటాం. అసలే వాచి ఉన్న పసి చిగురుకి అది భరించలేని మంట. చెల్లెలు వెంటనే పాలిచ్చింది. పాలు కారాన్ని కొంత కడిగేస్తాయి, చీకుతుంటే పిల్లవాడూ నెమ్మదిస్తాడు. పావుగంటకి తేరుకున్నాడు. మన గుంటూరు ఇళ్ళలో కారం ముట్టని రోజు ఉండదు కనుక, పసివాడి నోట్లో వేలు పెట్టేముందు చేతికి కాస్త నూనె రాసుకుని, ఆ తర్వాత సబ్బుతో గోళ్ళ సందులతో సహా తోముకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇంతకీ ఆ వేలి కింద ఏం జరుగుతోంది? పన్ను ఎనిమిదో నెలలో పుట్టదు. తల్లి కడుపులో ఆరో వారం నాటికే దవడ వెంట ఒక కణాల పట్టీ ఏర్పడి, దాని మీద మొగ్గలు వేస్తాయి. నాలుగో నెలలో ఆ మొగ్గలు గట్టిపడటం మొదలవుతుంది. అంటే బోసినవ్వుతో పుట్టిన బిడ్డ దవడల్లో ఇరవై పాలపళ్ళూ అప్పటికే సగం తయారై ఎముక మధ్య కూర్చుని ఉంటాయి.

మరి ఎముకలోంచి బయటికి ఎలా వస్తాయి? మేకు చెక్కలోంచి దూసుకొచ్చినట్టు పన్ను చీల్చుకుని వస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. 1980ల్లో మార్క్స్, కాహిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కపిల్లల మీద ఒక విచిత్రమైన ప్రయోగం చేశారు. దవడలో ఇంకా పైకి రాని పన్నుని తీసేసి, దాని చుట్టూ ఉండే పల్చటి సంచిని మాత్రం అలాగే ఉంచి, లోపల పన్ను ఆకారంలో ఉన్న లోహపు ముక్క పెట్టారు. వేళకి ఆ లోహపు ముక్క కూడా పన్ను లాగే పైకి వచ్చింది! సంచిని తీసేసిన చోట అసలు పన్నైనా కదల్లేదు. దారి చేసేది సంచేనన్నమాట. ఎముకని కరిగించే కణాలని అది పైవైపుకి పిలుస్తుంది, కిందవైపు కొత్త ఎముక పోయిస్తుంది. చివరికి చిగురు దగ్గర, పన్ను మీది పొర, చిగురు పొర ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, మధ్యలోని కణాలు నశించి సన్నని దారి తెరుచుకుంటుంది. అందుకే పన్ను మొలిచేటప్పుడు రక్తం దాదాపు కనిపించదు. ఒక్కోసారి చిగురు మీద నీలంగా చిన్న బుడగ కనిపిస్తుంది. చాలావరకు అది పన్ను వచ్చాక తనంతట తనే పోతుంది, సూదితో పొడవొద్దు.

దారి ఎంత ఒద్దికగా తెరుచుకున్నా అక్కడ కొద్దిపాటి వాపు ఉంటుంది, సలుపు ఉంటుంది. చిగురుని నొక్కితే పిల్లవాడికి హాయిగా ఉండటానికి కారణం మనకి అనుభవంలో ఉన్నదే. మోకాలు బల్లకి కొట్టుకుంటే మనకి తెలియకుండానే చేత్తో గట్టిగా రుద్దుకుంటాం కదా. స్పర్శ కబుర్లు, నొప్పి కబుర్లు రెండూ మెదడుకి వెళ్ళే దారిలో ఒక గేటు లాంటిది ఉంటుందనీ, స్పర్శ ఎక్కువైతే నొప్పికి ఆ గేటు కొంత మూసుకుంటుందనీ 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వివరాలు తర్వాత చాలా మారినా మూల ఆలోచన నిలిచింది. శుభ్రమైన వేలితో ఒకటి రెండు నిమిషాలు మెత్తగా నొక్కి చూడండి, పిల్లలు తామే వేలిని చిగురుకి అదుముకుంటారు.

రెండో ఉపాయం చల్లదనం. చల్లబడిన చోట నరం కబుర్లు నెమ్మదిస్తాయి, వాపు తగ్గుతుంది. మా చెల్లెలు పాత నూలు చీర ముక్కని ఉతికి, కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపి, పిండి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడుతుంది. ఒక కొస ముడి వేసి చిన్నాడి చేతికిస్తే, ఆ ముడిని నములుతూ పది నిమిషాలు కూర్చుంటాడు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టినది చిగురుని గాయం చేస్తుంది. క్యారెట్ ముక్కలు, యాపిల్ ముక్కలు కొరకనివ్వడం మంచిది కాదు, విరిగి గొంతులో అడ్డం పడతాయి. విజయవాడ నుంచి చుట్టాలు తెచ్చిన కొండపల్లి బొమ్మ కూడా షోకేసులోనే ఉండాలి. పొణికి చెక్క మెత్తన, పైన రంగు, నమిలే నోటికి రెండూ పనికిరావు. చొంగ ఆరిపోయి గడ్డం కింద పేలకుండా మెత్తటి గుడ్డతో అద్దుతూ ఉండాలి. మన ఎండల్లో చెమటకాయలు దానికి తోడైతే పిల్లవాడి చిరాకు ఇంకా పెరుగుతుంది.

ఇక నాకు నిజంగా టెన్షన్ కలిగించే సంగతి. మా వీధిలోనే ఒక తొమ్మిది నెలల పాపకి రెండు రోజులు విరేచనాలయ్యాయి. "పళ్ళొస్తున్నాయి కదా, అలాగే అవుతాయి" అని ఇంట్లో అందరూ అన్నారు. మూడో రోజు కళ్ళు లోతుకి పోయి, పాప సోలిపోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఈ నమ్మకం అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం ఉంది. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోయేది ఆరో నెల ప్రాంతంలోనే. అన్నప్రాసన జరిగేదీ, పాకడం మొదలయ్యేదీ, నేల మీది ప్రతిదీ నోట్లోకి వెళ్ళేదీ ఆ రోజుల్లోనే. పళ్ళూ అప్పుడే వస్తాయి. పక్కపక్కన నడిచినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు కదా.

2000లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వైద్యులు 125 మంది పిల్లల తల్లిదండ్రుల చేత రోజూ లక్షణాలు రాయించారు. మొత్తం 475 పళ్ళు మొలిచాయి. పన్ను కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు కొరకడం, చొంగ, చిరాకు, చెవి రుద్దుకోవడం, గట్టి ఆహారం వద్దనడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం పెరిగాయి. ఎక్కువ జ్వరం, విరేచనాలు పన్నుతో ముడిపడలేదు. కాబట్టి థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించినా, నీళ్ళ విరేచనాలైనా, వాంతులైనా పన్ను మీదికి నెట్టకండి. విరేచనాలకి ఓఆర్ఎస్ మొదలుపెట్టి, పాలు మానకుండా ఇస్తూ, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే చిగుళ్ళ జెల్ విషయంలోనూ జాగ్రత్త. బెంజోకేయిన్ అనే మత్తుమందు ఉన్నవి రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా చెప్పింది. అరుదుగానే అయినా, దానివల్ల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వస్తుంది. మత్తు రాసినా చొంగతో పాటు నిమిషాల్లో కొట్టుకుపోతుంది కూడా. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పళ్ళు వచ్చే పిల్లలకి పాదరసం కలిసిన పొడులు ఇచ్చేవారు. చేతులూ కాళ్ళూ ఎర్రబడి పిల్లలు చనిపోతుంటే అది వేరే రోగమని చాలా ఏళ్ళు అనుకున్నారు. 1950ల్లో ఆ పొడులు ఆపాకగానీ ఆ జబ్బు మాయం కాలేదు. మెడలో పూసల దండలు వద్దు, నిద్రలో బిగుసుకోవచ్చు, పూస ఊడి గొంతులో పడొచ్చు. ఏడాదిలోపు తేనె నాకించవద్దు. మరీ తట్టుకోలేకపోతే డాక్టరుని అడిగి బరువుని బట్టి పారాసిటమాల్ ఇవ్వచ్చు. కానీ సీసా మీది అంకె చదవండి: మన దగ్గర దొరికే చుక్కల మందులో సాధారణంగా మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు, ఐదు మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములుండే సిరప్‌లో మిల్లీలీటరుకి 25 మాత్రమే. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది.

ఆవకాయ కలిపిన ఐదో రోజు చెల్లెలు ఉగ్గు పెడుతుంటే స్టీలు చెంచాకి టిక్కుమని ఏదో తగిలింది. చిగురు మీద బియ్యపుగింజ కొస అంత తెలుపు. నాకు వీడియో కాల్ చేసింది. పక్కనుంచి అమ్మ గొంతు: "కిందదా, పైదా?" పై పన్ను ముందొస్తే మేనమామకి కీడని మనవాళ్ళ నమ్మకం. చాలామందికి కింది ముందరి పళ్ళే ముందు వస్తాయి, కొందరికి పైవి వస్తాయి, మేనమామకి దానితో పనేం లేదని అమ్మకి ఇదివరకే చెప్పాను. అయినా ఉయ్యూరులో ఉన్న మా తమ్ముడు గుర్తొచ్చి అడుగుతోంది.

"కిందదే అమ్మా" అంది చెల్లెలు. "పక్కది కూడా ఉబ్బింది చూడు. గుడ్డ ఫ్రిజ్‌లో పెట్టు."