మనసు బరువు ఒంటికి తెలుస్తుంది

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. పోయిన ఆదివారం పాఠం అయ్యాక మీలో ఒకరు అడిగిన ప్రశ్నకు హడావిడిగా జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "పరీక్షలు దగ్గరపడితే కడుపులో తిప్పుతుంది, రాత్రి నిద్ర పట్టదు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. నాకు విశ్వాసం చాలడం లేదా?"

చాలడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

మనసులో బాధ ఒంట్లో బయటపడుతుందని బైబిలు దాచకుండా చెబుతుంది. తన పాపం ఒప్పుకోకుండా మౌనంగా ఉన్న రోజుల్లో ఎముకలు క్షీణించాయనీ, వేసవి ఎండకు ఆరినట్టు సత్తువ ఎండిపోయిందనీ 32వ కీర్తనలో దావీదు అంటాడు. అలాగని ప్రతి నొప్పి వెనుకా పాపం వెతకకూడదు. పారసీక రాజు అర్తహషస్త కొలువులో ఉన్న నెహెమ్యా ముఖం వాడిపోయింది యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న బెంగతో. "నీకు జబ్బు లేదు కదా, ఇది మనోవేదనే" అని అర్తహషస్త రాజు చూడగానే గ్రహించాడు. బిడ్డలు లేరని సవతి దెప్పుతుంటే హన్నా ఏడ్చింది, తిండి మానేసింది. షిలోహు మందిరంలో దేవుని ముందు గుండెలోని దుఃఖమంతా కుమ్మరించి, యాజకుడు ఏలీ దీవెన అందుకుని లేచాక భోజనం చేసింది, ముఖం తేటపడింది. అప్పటికి కొడుకు సమూయేలు ఇంకా కడుపున పడలేదు. అడిగింది చేతికి రాకముందే ఆమెకు ఆకలి తిరిగి వచ్చింది. నాకు ఈ మాట ఎంతో ఇష్టం.

ఇక ఏలీయా ప్రవక్త సంగతి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం నిదానంగా చదవండి. కర్మెలు కొండ మీద బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలబడినవాడు, యెజెబెలు రాణి చంపుతానని కబురంపగానే ప్రాణభయంతో పారిపోయాడు. సేవకుణ్ణి బెయేర్షెబాలో వదిలి, ఎడారిలో ఒక రోజు నడిచి, బదరీవృక్షం కింద కూలబడి, "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు గద్దించలేదు, పాఠం చెప్పలేదు. అతణ్ణి నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. ఆ బలంతో 40 రోజులు నడిచి హోరేబు కొండకు చేరాకే దేవుడు అతనితో మాట్లాడింది. ముందు నిద్ర, రొట్టె, నీళ్లు. మాటలు తరువాత.

వైద్యులు చెప్పేదీ దీనికి దూరం కాదు. భయం వేసినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, జీర్ణం మందగిస్తుంది, నిద్ర దూరమవుతుంది. ఆపద దాటేందుకు దేవుడు ఒంట్లో పెట్టిన ఏర్పాటు అది. కానీ వారాల తరబడి అలాగే ఉంటే ఒళ్లు అలసిపోతుంది.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువు యేసే తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులతో చెప్పాడు. చెమట రక్త బిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరనగలరు? ఆ రాత్రి ఆయన తండ్రికి ప్రార్థించాడు, మెలకువగా తనతో ఉండమని ముగ్గురు స్నేహితులనూ అడిగాడు.

బాధలో ఉన్న స్నేహితుడి దగ్గరికి మీరు వెళితే పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులను గుర్తుంచుకోండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద మౌనంగా కూర్చున్నారు, అది మంచిదే. నోరు తెరిచి నీ పాపమే కారణమని వాదించడంతోనే చెడింది. చివరకు దేవుడు వాళ్ల మీదనే కోపించాడు.

ప్రార్థన మానవద్దు, వైద్యుణ్ణీ మానవద్దు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మానసిక చికిత్సకు వచ్చినవారి వెంట ఇంటివాళ్లనూ ఉంచి, చికిత్సలో భాగం చేస్తారు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి సరిగా లేకపోతే అమ్మకో నాన్నకో చెప్పండి. బతకాలని లేదు అనిపిస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. నాకు ఫోను చేయండి, అర్ధరాత్రి అయినా సరే. 14416కు చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్ వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

మీ తాతయ్య