తులం గుండు

“మామయ్యా, 165 తీసుకోనా, 180 తీసుకోనా?” అని కొలరాడోలో ఉంటున్న మా మేనల్లుడు ఫోనులో అడిగితే, హైదరాబాదు శివార్లలో ఇంటి స్థలం చూస్తున్నాడు కాబోలు, గజాల సంగతి అడుగుతున్నాడు అనుకున్నాను. “తూర్పు ముఖమైతే 180 తీసుకో” అని సలహా కూడా పడేశాను. వాడు అడిగింది తుపాకీ గుండు గురించి. అక్టోబరులో ఎల్క్ వేటకు వెళుతున్నాడట, లైసెన్సు చేతికొచ్చిందట. ఎల్క్ అంటే మన అడవుల్లోని కణుజుకు పెద్దన్న లాంటి జంతువు. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. మన దేశంలో 1972 చట్టం వేటకు తలుపులు మూసేసింది కనుక ఈ ప్రశ్న ఇక్కడ ఎవరికీ రాదు. నా తుపాకీ అనుభవమా, తిరునాళ్లలో బెలూన్లు కాల్చడంతో సరి. అయినా భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, ప్రశ్న వినగానే చేతులు ఊరుకోలేదు.

మాటల్లో గందరగోళం లేకుండా ముందే చెబుతాను. ఇత్తడి గొట్టం, తుపాకీ మందు, ముందు ముక్క అన్నీ కలిసినది తూటా. అందులోంచి ఎగిరిపోయే ముక్క గుండు. బరువు తూచేది గుండునే. వాడి రైఫిల్ ‘థర్టీ ఆట్ సిక్స్’ రకం, 1906లో అమెరికా సైన్యం ఎంచుకున్న తూటాకు సరిపడేది. అక్కడి వేటగాళ్లు దాన్ని ఇప్పటికీ వదల్లేదు. మందు ఎలా అంటుకుంటుంది, పిన్ను ఎక్కడ కొడుతుంది లాంటివి నాకు ఆసక్తి లేని విషయాలు, దాటేస్తున్నాను.

ఆ 165, 180 గ్రెయిన్లలో లెక్క. గ్రెయిన్ అంటే గింజ, ఒకప్పుడు బార్లీ గింజ. మన కంసాలులు గురిగింజలతో తూచినట్టే వాళ్లు బార్లీతో తూచారు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. దాన్ని 180తో గుణిస్తే వచ్చిన అంకె చూసి కళ్లజోడు తుడుచుకున్నాను: 11.66 గ్రాములు. అది తులం! ఇప్పుడు బంగారం కొట్లో చెప్పే పది గ్రాముల తులం కాదు, పాత తులం. 1833లో బ్రిటిష్ వాళ్లు తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. 1835 నుంచి వెండి రూపాయి బరువూ అదే. మా అమ్మమ్మ పెట్టెలోని విక్టోరియా రాణి రూపాయిని మా వీధి కంసాలి తక్కెడలో వేయిస్తే 11.5 చూపింది. మిగిలినది ఎన్ని చేతుల్లో అరిగిపోయిందో. ఎల్క్ వేటకు అమెరికాలో తాతల కాలం నుంచి సిఫారసు చేసే గుండు, మన పాత వెండి రూపాయి, రెండూ తూకానికి ఒకటే.

ఇక అసలు సంగతి. ఒకే తుపాకీలో 150, 180, 220 గ్రెయిన్ల గుండ్లు కాల్చవచ్చు. మామూలుగా 150 గుండు సెకనుకు 887 మీటర్ల వేగంతో బయటికొస్తుంది, 180 గుండు 823తో, 220 గుండు 732తో. ఇప్పుడు ‘సగం ఎం వి స్క్వేర్’ వేయండి, అంటే బరువును వేగం వర్గంతో హెచ్చించి సగం చేయండి. మూడింటి శక్తీ 3,800 నుంచి 3,950 జౌళ్ల మధ్యే! బరువు దాదాపు సగం పెరిగినా శక్తి కదల్లేదు. ద్రవ్యవేగం, అంటే బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చేది, మాత్రం 8.6 నుంచి 9.6కి, అక్కణ్ణుంచి 10.4కి ఎక్కింది.

ఎందుకు? ధాన్యం బస్తాల బండిని తలచుకోండి. ఖాళీ బండిని, నిండు బండిని ఒకే మనిషి ఒకే బలంతో ఇరవై అడుగుల దూరం నెట్టాడు. బలం ఒకటే, దూరం ఒకటే, కాబట్టి చేసిన పని ఒకటే. రెండు బండ్లకూ దక్కిన శక్తి సమానం. అయితే నిండు బండి ఆ ఇరవై అడుగులూ మెల్లగా కదిలింది, అంటే మనిషి చెయ్యి దాని మీద ఎక్కువ సేపు ఉంది. బలాన్ని దూరంతో హెచ్చిస్తే శక్తి, కాలంతో హెచ్చిస్తే ద్రవ్యవేగం. తుపాకీ గొట్టం పొడవు మారదు, లోపల మందు ఒత్తిడికీ ఉక్కు ఓర్చగలిగినంత వరకే హద్దు. ఇక్కడ నెట్టే మనిషి ఆ మందు కాలి పుట్టే వాయువే. 220 గుండు గొట్టంలో 150 గుండు కన్నా ఐదో వంతు ఎక్కువ సేపు ఉంటుంది, ఆ మేరకే ద్రవ్యవేగం ఎక్కువ పోగేసుకుంటుంది. పిల్లలకు పదో తరగతి నుంచి ఈ రెండు సూత్రాలూ వల్లె వేయిస్తాం. “సార్, రెండూ బరువూ వేగమే కదా, రెండెందుకు?” అని ఏ వెనక బెంచీ కుర్రాడో అడిగితే “పరీక్షలో రెండూ వస్తాయి” అంటాం. నేనూ అన్నాను. ఆ కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే ఈ బండి కథ చెప్పాలని ఉంది.

మరి శక్తి సమానమైనప్పుడు మూడూ ఒకే లోతుకు దిగాలి కదా? అడ్డుకునే బలం మారకుండా ఉంటే దిగేవే. కండరం అలాంటిది కాదు. అది ముప్పాతిక వంతు నీరు. గుండు దూసుకెళ్లడమంటే దారిలోని నీటిని పక్కకు తోసుకుంటూ పోవడమే. వేగం రెట్టింపైతే ఎదురు బలం నాలుగింతలు. ఎదురుపడే ముఖం వెడల్పైనా ఎదురు బలం పెరుగుతుంది: చెరువులోకి నిటారుగా దూకితే చల్లగా ఉంటుంది, బోర్లా పడితే పొట్ట వాచిపోతుంది. ఈ లెక్క సమీకరణంగా రాస్తే చిత్రమైన ఫలితం వస్తుంది: ప్రతి ‘ఇంత’ లోతుకూ వేగం సగమవుతుంది. 800తో చొరబడితే ఒక ‘ఇంత’ దాటాక 400, రెండు దాటాక 200, మూడు దాటాక 100. రేడియం అర్ధాయువు లాంటిదే ఇది, కాలం బదులు దూరంలో. వేగాన్ని రెట్టింపు చేసి 1,600తో పంపినా మీకు దక్కేది అదనంగా ఒక్క ‘ఇంత’ మాత్రమే! ఆ ‘ఇంత’ ఎంత అన్నది వేగం మీద ఆధారపడదు. గుండు బరువును దాని ముఖ వైశాల్యంతో భాగించగా వచ్చేదాని మీద ఆధారపడుతుంది. ఎముక తగిలితే, వేగం బాగా తగ్గి కండరం గట్టితనం ముందుకొస్తే లెక్క కొంచెం చెదురుతుంది. మూలసూత్రం మాత్రం ఇదే.

ఈ భాగహారాన్నే తుపాకీల వాళ్లు సెక్షనల్ డెన్సిటీ అంటారు. వైశాల్యం బదులు వ్యాసం వర్గంతో భాగిస్తారు. మా వాడి తుపాకీ గుండు వ్యాసం 7.82 మిల్లీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు గ్రాముల్లో చెబితే 150 గుండుకు 15.9, 165కు 17.5, 180కు 19.1, 220కు 23.3. వ్యాసం మారలేదు కాబట్టి బరువు పెరిగిందంటే గుండు పొడుగైందనే అర్థం. మేకుకూ బటన్‌కూ ఇనుము ఒకే తూకం వేసినా గోడలోకి దిగేది మేకే.

దీనికి చరిత్రలో నాకిష్టమైన సాక్షి స్కాట్లండుకు చెందిన డబ్ల్యూ. డి. ఎం. బెల్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. ఆ అంకె చదివితే నాకు కడుపులో తిప్పుతుంది, అది వేరే మాట. అప్పటి ఏనుగు వేటగాళ్లలో కొందరు ‘600 నైట్రో ఎక్స్‌ప్రెస్’ రైఫిలు మోసేవారు. దాని గుండు 900 గ్రెయిన్లు, సరిగ్గా ఐదు తులాలు. బెల్ ఎక్కువగా వాడింది 7 మిల్లీమీటర్ల మౌజర్ రకం రైఫిలు, 173 గ్రెయిన్ల గుండు, తులానికి కాస్త తక్కువ. చిన్నపిల్లవాడి ఆటలా కనిపిస్తుంది. భాగించి చూడండి: ఐదు తులాల లావుపాటి గుండుకు 23.5, బెల్ సన్నని గుండుకు 21.5. బరువులో ఐదో వంతైనా లేనిది లోతుకు దిగడంలో దాదాపు సమఉజ్జీ. పైగా బెల్ చచ్చిన ఏనుగుల పుర్రెలు కోయించి మెదడు ఎక్కడుంటుందో నేర్చుకున్నాడు, గురి తప్పేవాడు కాదు. అతని గుండు గట్టి తొడుగుది, లోపల విచ్చుకునేది కాదు.

ఇక్కడే మా వాడి కథ మలుపు తిరుగుతుంది. ఎల్క్ వేటకు విచ్చుకునే గుండే వాడాలని కొలరాడో నియమం. కనీసం 85 గ్రెయిన్లు ఉండాలన్నదీ ఆ నియమమే. సన్నని రంధ్రం చేసి అవతలికి పోయే గుండు తగిలితే జంతువు గంటల తరబడి నరకం అనుభవిస్తుంది, అందుకు. కాబట్టి గుండు లోపలికి వెళ్లగానే పుట్టగొడుగులా విచ్చుకోవాలి. కానీ వ్యాసం రెట్టింపయిందంటే ముఖం నాలుగింతలైంది, మన ‘ఇంత’ నాలుగో వంతుకు పడిపోయింది! అంటే పెట్టె మీద అచ్చేసిన సెక్షనల్ డెన్సిటీ గుండు చర్మాన్ని తాకే క్షణం వరకే నిజం.

పొరుగింటి పెద్దాయన దాచుకున్న గుండు ఒకదాన్ని మా వాడు కాఫీ పొడి తూచుకునే త్రాసు మీద పెట్టి ఫొటో పంపాడు. ఎల్క్ అవతలి పక్క చర్మం కింద దొరికిందట. బయల్దేరినప్పుడు తులం, ఇప్పుడు 7.9 గ్రాములు, అంటే 122 గ్రెయిన్లు. రాగి తొడుగు అరటి తొక్కలా నాలుగు పాయలుగా వెనక్కి ముడుచుకుంది, మధ్యలో సీసం నమిలి ఉమ్మిన తమలపాకులా ఉంది. పోయిన మూడు గ్రాముల చిల్లర సీసం ముక్కలై మాంసంలో కలిసింది. అలాంటి అవశేషాలు తిని గద్దలు, రాబందులు చస్తున్నాయి. కాండర్ అనే రాబందుకు ఆ విషం పెద్ద ముప్పు కావడంతో కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది.

బదులుగా వచ్చింది పూర్తి రాగి గుండు. అది రేకులుగా విచ్చుకుంటుంది గానీ ముక్కలవదు, బరువు దాదాపు అంతా నిలుపుకుంటుంది. 165తో బయల్దేరి 160తో ఆగే రాగి, 180తో బయల్దేరి 122తో ఆగే సీసం. లోపల నిజంగా బరువైనది ఏది?

రాగి సీసం కన్నా తేలిక, ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. సీసం 11.34. అందుకని అదే బరువుకు రాగి గుండు పొడుగ్గా ఉంటుంది. పొడుగు బొంగరాన్ని మరింత గట్టిగా తిప్పాలి, లేకపోతే తూలుతుంది. ఈ రైఫిల్ గొట్టంలో గుండును తిప్పే మెలి గాడులు పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. తులం గుండు బయటికొచ్చేటప్పుడు నిమిషానికి సుమారు 1,94,000 చుట్లు తిరుగుతుందన్నమాట. మొదట్లో 220 గ్రెయిన్ల గుండు కోసం పెట్టిన మెలి అది, కాబట్టి 165 రాగికి ఇబ్బంది లేదు.

దూరం వెళ్లేకొద్దీ గుండు ఎంత దిగజారుతుందన్న దాని మీద వేటగాళ్లు రాత్రంతా వాదిస్తారట. వేట జరిగే మామూలు దూరాల్లో 150కీ 180కీ తేడా రెండు మూడు వేళ్ల వెడల్పు. వదిలేయండి.

వదలకూడనిది ఒక మూఢనమ్మకం: బరువైన గుండు జంతువును ఎత్తి పడేస్తుందని. మన సినిమాల్లో తుపాకీ పేలగానే విలన్ గాల్లో లేచి గాజు తలుపు పగలగొట్టుకుని పడతాడు చూశారా, ఆ బాపతు. తులం గుండు ద్రవ్యవేగం 9.6. మూడు వందల కిలోల ఎల్క్‌కు అది పూర్తిగా అందినా వచ్చే వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లు, చీమ నడక. గుండు దెబ్బకు విలన్ ఎగరాలంటే అంతకన్నా ముందు హీరో వెనక్కి ఎగరాలి, ఎందుకంటే ఆ ద్రవ్యవేగమంతా, దాంతోపాటు మందు వాయువుదీ, మొదట తగిలేది అతని భుజానికే. జంతువు కూలిపోయేది ఊపిరితిత్తులో గుండెకాయో దెబ్బతిన్నందువల్ల.

భుజం మాట వచ్చింది కాబట్టి, మా వాడు రెండు రకాలూ కాల్చి చూశాడు. 180 పెట్టె సగం అయ్యేసరికి ట్రిగ్గర్ నొక్కడానికి ముందే కళ్లు మూసుకుంటున్నాడని పెద్దాయన కనిపెట్టాడట. నేను లెక్కలన్నీ వేసి వాడికి చెప్పబోయేలోపే వాడు 165 రాగి గుండ్లు కొనేశాడు. తూచి చూశాను, కాగితం మీదే: 10.69 గ్రాములు. మా వీధి బంగారం కొట్టు తులానికి కొంచెం ఎక్కువ, అమ్మమ్మ తులానికి కొంచెం తక్కువ.