రోల్స్ రాయిస్‌ని ముంచిందీ, నిలబెట్టిందీ ఒకే ఇంజను

1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ ఐపీ పెట్టింది. అవును, ఆ రోల్స్ రాయిస్సే. కార్లు అమ్ముడుపోక కాదు, ఆర్‌బీ211 అనే విమానం ఇంజను పుణ్యమా అని.

అసలు హెన్రీ రాయిస్‌ది కలిగిన కుటుంబం కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు మోశాడు, తర్వాత మాంచెస్టర్‌లో డైనమోలు, క్రేన్లు చేసే వర్క్‌షాపు పెట్టుకున్నాడు. కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ ఫ్రెంచి కారు నచ్చక 1904లో తనే ఒకటి తయారు చేసుకున్నాడు. అది చూసి ముచ్చటపడి, నువ్వు చెయ్యి నేను అమ్ముతా అన్న జమీందారీ కుర్రాడు చార్లెస్ రోల్స్. ఈ రోల్స్‌కి విమానాల పిచ్చి, 1910లో విమానం కూలే పోయాడు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే పసుప్పచ్చ సిల్వర్ ఘోస్ట్ దాదాపు ఆ రోజులదే. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బండి తయారయ్యేలోపే చనిపోయాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి కంపెనీని విమానాల వైపు తిప్పింది. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు విమానంలో ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటింది రెండు రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజన్లతోనే. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని ఎగరేసిన మెర్లిన్ ఇంజను గురించి చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నా.

ఇక ఆర్‌బీ211. 1968లో అమెరికా కంపెనీ లాక్‌హీడ్‌కి ట్రైస్టార్ విమానం కోసం ఈ ఇంజను ఇస్తామని ఒప్పుకున్నారు, అదీ గీసి గీసి బేరమాడిన రేటుకి. ఇందులో రెండు కొత్త ఆలోచనలున్నాయి. ముందుండే పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగాలి, వెనకాల గాలిని నొక్కిపట్టే కంప్రెసర్లు అంతకంటే వేగంగా తిరగాలి. మిగతా కంపెనీలు రెండు షాఫ్టులతో సర్దుకుంటే, వీళ్లు ఒకదాని లోపల ఒకటిగా మూడు పెట్టారు, దేని వేగం దానిదే. ఇంజను పొట్టిగా, గట్టిగా వస్తుంది. ఇది బ్రహ్మాండమైన ఆలోచన. రెండోది, ఫ్యాను రెక్కలు కార్బన్ ఫైబర్‌తో చేసి బరువు తగ్గించడం. పక్షి తగిలితే ఏమవుతుందో చూడ్డానికి తిరుగుతున్న ఫ్యాను మీదికి చచ్చిన కోడిని పేల్చే పరీక్ష ఒకటుంటుంది, దానికి ఆ రెక్కలు తట్టుకోలేదు. మళ్లీ టైటానియం దారి పట్టారు. ఖర్చు తడిసి మోపెడయింది, డబ్బులైపోయాయి.

ప్రైవేటు రంగమే ముద్దు అనే బ్రిటన్ ప్రధాని హీత్ ప్రభుత్వమే కంపెనీని జాతీయం చేయాల్సి వచ్చింది. రిటైరైన ఇంజనీరు స్టాన్లీ హుకర్‌ని వెనక్కి పిలిచి ఆర్‌బీ211ని గాడిన పెట్టించారు, 1972లో ట్రైస్టార్ ప్రయాణికులతో ఎగిరింది. ఇవాళ బోయింగ్ 787లకీ, ఎయిర్‌బస్ ఏ350లకీ వేసే ట్రెంట్ ఇంజన్లు ఆ మూడు షాఫ్టుల వంశమే.

నాకు వీటిలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది టర్బైన్ బ్లేడు, అంటే ఇంజనులో వేడి వాయువు తోస్తే తిరిగే చక్రానికుండే రెక్క. అరచేతిలో పట్టే నికెల్ మిశ్రలోహపు ముక్క, దాన్ని తాకే వాయువు ఆ లోహం కరిగే ఉష్ణోగ్రతకంటే వేడిగా ఉంటుంది. అయినా కరగదు. లోపల బోలుగా ఉంచి, ఒంటినిండా సన్నటి చిల్లులు పెట్టి, వాటిలోంచి చల్లటి గాలి (చల్లటిదంటే కొన్ని వందల డిగ్రీలే లెండి!) వదిలితే అది బ్లేడు చుట్టూ పొరలా పరుచుకుంటుంది. పోత పద్ధతి మాత్రం మన పంచలోహ విగ్రహాలదే: మైనంతో బొమ్మ, దానిపైన పెంకు, మైనం కరిగించి లోహం పోయడం. తేడా ఆ తర్వాత ఉంది. అచ్చుని కొలిమిలోంచి చాలా నెమ్మదిగా కిందికి దించుతారు, అడుగున మెలికలు తిరిగిన సన్న దారి ఒకటుంటుంది, గట్టిపడే స్ఫటికాల్లో ఒక్కటే దాన్ని దాటి పైకి పెరుగుతుంది. అలా బ్లేడు మొత్తం ఒకే స్ఫటికం. మామూలు లోహంలో స్ఫటికాల మధ్య అతుకులే వేడికి ముందు సాగుతాయి, ఇక్కడ ఆ అతుకులే లేవు.

మరి కార్లో? దివాలా తర్వాత 1973లో ఆ విభాగాన్ని విడదీసి వేరే కంపెనీ చేశారు. 1998లో ఫోక్స్‌వ్యాగన్ దాన్ని 43 కోట్ల పౌండ్లకి కొంది. ఫ్యాక్టరీ వచ్చింది, బానెట్ మీది రెక్కల బొమ్మ వచ్చింది, రోల్స్ రాయిస్ అనే పేరు మాత్రం రాలేదు, ఎందుకంటే పేరు ఇంజన్ల కంపెనీది. వాళ్లేమో ఆ పేరుని తమతో కలిసి ఇంజన్లు చేస్తున్న బీఎండబ్ల్యూకి 4 కోట్లకే ఇచ్చేశారు. చివరికి ఫోక్స్‌వ్యాగన్ దాంతోపాటే వచ్చిన బెంట్లీతో సరిపెట్టుకుంది, 2003 నుంచి రోల్స్ రాయిస్ కార్లు బీఎండబ్ల్యూవి.