మాట వినిపించి బొమ్మ రాకపోతే ప్యానెల్ పోయినట్టేనా?

పర్లాకిమిడిలో నా టీవీ రిపేరు షాపు మెట్టెక్కుతూనే చాలామంది అనే మాట "ప్యానెల్ పోయింది, ఎంతవుతుంది?" అని. టీవీ ఇంకా ఆటో దిగి ఉండదు, జబ్బు పేరు మాత్రం ఖాయమైపోయి ఉంటుంది.

అపోహ: సౌండ్ ఉండి తెర నల్లగా ఉంటే ప్యానెల్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పోయేది బ్యాక్‌లైట్. మనం ఎల్‌ఈడీ టీవీ అంటున్నవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఎల్‌సీడీలే. ప్యానెల్ అంటే బొమ్మ ఏర్పడే తెర, దానికి సొంత వెలుగు ఉండదు. వెనక స్ట్రిప్పుల్లోని ఎల్‌ఈడీలు, అంటే బ్యాక్‌లైట్, వెలిగితేనే బొమ్మ కనబడుతుంది. అవి పెళ్లింటి సీరియల్ సెట్టులా వరసగా కలిపి ఉంటాయి. ఒక్కటి లోపల తెగిపోయినా వరసంతా ఆరిపోతుంది.

గుణుపురం నుంచి ఒక మామ్మ మనవడితో టీవీ మోయించుకొచ్చింది. అక్కడెవరో కొత్తది కొనుక్కోమన్నారట. కుర్రాడు "ఖరాప్ హెయిగలా" అని ఒడియాలో తేల్చేశాడు. మామ్మ మాత్రం "మాటలు వినిపిస్తున్నాయి నాయనా, మనుషులే కనబడట్లేదు" అంది. నాకు కావలసిన వివరం ఆవిడే చెప్పింది. షాపులో లైటార్పి, సెల్‌ఫోన్ టార్చ్ తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టాను. మసక మసగ్గా వార్తలు చదివే అమ్మాయి కదిలింది. "ఉంది మామ్మా, లోపలే ఉంది" అన్నాను.

ఈ పరీక్ష ఇంట్లో మీరూ చేయొచ్చు. టీవీ విప్పక్కర్లేదు. బొమ్మ కదిలితే ప్యానెల్ బతికే ఉంది. పోయింది స్ట్రిప్పులా, వాటికి కరెంటిచ్చే డ్రైవర్ సర్క్యూటా అన్నది చూడాలి. వీటికయ్యేది ప్యానెల్ ధరలో చిన్న వంతు. తెర పగిలినా, సిరా ఒలికినట్టు మచ్చ పాకినా అది వేరే సంగతి, అక్కడ పోయింది ప్యానెలే, దాని మీద డబ్బు పోయకండి. స్ట్రిప్పులు మార్చాక సెట్టింగుల్లో బ్యాక్‌లైట్ వంద నుంచి అరవైకి దించండి. ఎల్‌ఈడీలు చల్లగా ఉండి ఎక్కువ కాలం వస్తాయి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

స్పీకరు పక్కన పెడితే రంగులు పాడవుతాయంటారు. అది డబ్బా టీవీల నాటి మాట. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఏడాది మన దేశానికి రంగుల ప్రసారం వచ్చింది. ఆ పిక్చర్ ట్యూబుల్లోని సన్నటి లోహపు జల్లెడకి అయస్కాంతం అంటితే ఓ మూల పచ్చగా మారేది. స్విచ్ వేయగానే "ధబ్" మనేది ఆ అయస్కాంతాన్ని పోగొట్టే కాయిలే. ఇప్పుడా జల్లెడే లేదు.

స్టెబిలైజర్ ఉంటే పిడుగు ఏమీ చేయదంటారు. చేస్తుంది. మబ్బు కమ్ముతుండగానే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకేయండి. అందరూ మరిచిపోయేది రెండోదే. కిందటి వానాకాలం మా ఇంట్లోనే ఆ వైరు వదిలేశాను, టీవీకి సెట్‌టాప్ బాక్సు తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు కాలిపోయింది. షాపుకి ఎవరొచ్చినా మా ఆవిడ ఆ కథ ముందుగా చెబుతోంది.