పొట్టలో టవల్ వేసిన కణం

ప్రొద్దుటూరు నుంచి బైపీసీ చదివే అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. "సార్, థైరాయిడ్ అంటే గొంతు దగ్గర ఒక గ్రంథి అని చూపించొచ్చు. పొట్టలో కూడా హార్మోన్లు తయారవుతాయంటున్నారు కదా, అక్కడ గ్రంథి ఎక్కడుంది?"

విడిగా ముద్దలాంటి గ్రంథేమీ లేదమ్మా. పొట్ట లోపలి పొరలో ఆమ్లం చేసే కణాలు, జిగురు చేసే కణాల మధ్య ఇక్కడొకటి అక్కడొకటిగా హార్మోను కణాలు చెదిరి ఉంటాయి. గాస్ట్రిన్ ఆమ్లాన్ని పెంచుతుంది, సొమటోస్టాటిన్ తగ్గిస్తుంది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్‌ను 1999లో కోజిమా, కంగావా అనే జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక పొట్టలో కనుక్కున్నారు. మిగతా పేర్లు నీ పుస్తకంలోనే ఉన్నాయి, ఎలాగూ బట్టీ పట్టిస్తారు. ఆ కణాలు అలా చెదిరి ఎందుకుంటాయో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు నచ్చిన సంగతి అదే.

అనంతపురం బస్టాండులో ఖాళీ బస్సు వచ్చి ఆగిందనుకో. అందరికీ కిటికీ సీటే కావాలి. ఒకాయన అరక్షణం ముందు కిటికీలోంచి టవల్ విసిరాడంటే పక్కవాళ్లు ఇక ఆ సీటు జోలికి పోరు. ఆయనకు ప్రత్యేక అర్హతేమీ లేదు, చెయ్యి కాస్త ముందు లేచిందంతే. పొట్ట పొరలోనూ పక్కపక్కనున్న లేత కణాలన్నిటికీ జన్యువులు ఒకటే. హార్మోను కణంగా మారడానికి కావలసిన న్యూరోజెనిన్3 అనే జన్యువు కొన్నింట్లో కొద్దికొద్దిగా మేలుకుంటుంది. ఏదో ఒక కణంలో యాదృచ్ఛికంగా కాస్త ఎక్కువవుతుంది. ఆ జన్యువు చేసే ప్రోటీను డీఎన్ఏ మీద కూర్చుని డెల్టా అనే ఇంకో జన్యువును ఆన్ చేస్తుంది. డెల్టా ప్రోటీను కణం పైపొర మీదికి వస్తుంది. అదే టవల్.

అయితే బస్సులో టవల్ దూరం నుంచి కూడా కనబడుతుంది. డెల్టా అలా కాదు, ఒంటికి ఒళ్లు ఆనుకున్న కణానికే తెలుస్తుంది. పక్క కణం మీదున్న నాచ్ అనే గ్రాహకం దాన్ని పట్టుకోగానే నాచ్ లోపలి ముక్క తెగి కేంద్రకంలోకి పోయి హెస్1 జన్యువును లేపుతుంది. హెస్1 ఆ కణంలోని న్యూరోజెనిన్3ను అణిచేస్తుంది. అది అణిగితే ఆ కణం డెల్టా కూడా తగ్గిపోతుంది, అంటే మొదటి కణాన్ని అడ్డుకునేవాళ్లు ఉండరు. అరక్షణం తేడా కాస్తా తిరుగులేని తేడా అయిపోతుంది. చుట్టుపక్కల కణాలు ఇలా ఆగిపోతాయి కాబట్టే హార్మోను కణాలు ఇక్కడొకటి అక్కడొకటిగా చెదిరి ఉంటాయి. కూర్చున్నాక టవల్ తీసేసినట్టు, పని అయ్యాక న్యూరోజెనిన్3 కూడా మాయమవుతుంది. పెద్దయిన కణంలో దాని జాడ వెతికితే దొరకడం కష్టం.

మరి టవల్‌ను ఎవరూ లెక్కచేయకపోతే? హెస్1 లేని ఎలుక పిండాల్లో సరిగ్గా అదే జరిగింది. పొట్టలోనూ పేగుల్లోనూ హార్మోను కణాలు వేళకు ముందే, కుప్పలుగా పుట్టుకొచ్చాయి.

మనుషుల్లో న్యూరోజెనిన్3 రెండు ప్రతులూ, అంటే అమ్మ నుంచి వచ్చినదీ నాన్న నుంచి వచ్చినదీ, చెడితే పుట్టిన కొద్దిరోజులకే ఆగని విరేచనాలు మొదలవుతాయి. అలాంటి ముగ్గురు పిల్లల సంగతి 2006లో వెలువడింది. వాళ్ల పేగుల్లో హార్మోను కణాలు దాదాపు లేవు. ఇది చాలా అరుదైన జబ్బు. కానీ మన కడప, కర్నూలు పల్లెల్లో పసిబిడ్డకు విరేచనాలు ఆగకపోతే దిష్టి అనడం, పొట్ట మీద వాతలు పెట్టడం ఇంకా వింటూనే ఉన్నాం. జబ్బు ఏదైనా సరే, కాల్చిన చర్మం నుంచి బిడ్డకు దక్కేది నొప్పి, చీము. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు మేనరికం అవకాశం పెంచుతుందన్నది మాత్రం నిజం. ఆ మాట పెళ్లి మాటల్లో ఎవరూ ఎత్తరు.

ఇంత చెప్పాక పొట్ట ఒక తిరకాసు పెడుతుంది. 2002లో న్యూరోజెనిన్3 తీసేసిన ఎలుకల్ని చూస్తే పొట్టలో గాస్ట్రిన్, సొమటోస్టాటిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు చేసే కణాలు లేవు. ఘ్రెలిన్, సిరటోనిన్, హిస్టమిన్ కణాలు మాత్రం ఉన్నాయి. పేగులో అయితే హార్మోను కణాలన్నీ ఆ ఒక్క జన్యువు మీదే ఆధారపడతాయి. అంటే పొట్టలో సీటు పట్టే దారి ఇంకొకటి ఉండాలి. 2008లో జపాన్ పరిశోధకులు మ్యాష్1 అనే జన్యువును చూపించారు. అదీ న్యూరోజెనిన్3 కుటుంబానిదే, దాన్నీ అణిచేది హెస్1 లాంటివే.

సీటు దొరికాక ఏ హార్మోను చేయాలన్నది వేరే జన్యువుల పని. పాక్స్4 లేని ఎలుక పొట్టలో సిరటోనిన్, సొమటోస్టాటిన్ కణాలు దాదాపు ఉండవు. పాక్స్6 లేకపోతే గాస్ట్రిన్, సొమటోస్టాటిన్ కణాలు బాగా తగ్గుతాయి. సొమటోస్టాటిన్‌కు రెండూ కావాలన్నమాట. కాబట్టి పరీక్షలో ఒక్కో హార్మోనుకు ఒక్కో జన్యువును జతచేయమంటే, అమ్మాయీ, ఆ ప్రశ్నే తప్పు.