పాత బ్యాటరీ ఎందుకు చచ్చిందో తెలియకుండా కొత్తది వేయకండి: క్యాంపర్ వ్యాన్ బ్యాటరీలపై అపోహలు, వాస్తవాలు

క్యాంపర్ వ్యాన్లకు వైరింగ్ చేయడం, బ్యాటరీలు మార్చడం నా పని. వచ్చినవాళ్లు చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "బ్యాటరీ పోయింది, కొత్తది వేసేయండి." నేను మాత్రం ముందు మీటరు తీస్తాను. హౌస్ బ్యాటరీ అంటే వ్యాన్ లోపల లైట్లు, ఫ్రిజ్, నీళ్ల పంపు, ఫ్యాన్ నడిపే బ్యాటరీ. నేను చూసినంతలో అది వయసు మీద పడి పోవడం తక్కువ. సరిపడా ఛార్జ్ ఎక్కకో, వేడికో, ఛార్జర్‌లో తప్పు సెట్టింగ్ వల్లో పోయినవే ఎక్కువ. ఆ కారణాన్ని అలాగే వదిలేసి కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. అందుకే, రోజూ వినే అపోహల్ని ఒక్కచోట రాస్తున్నాను.

అపోహ: మీటరులో 12.8 చూపిస్తోంది కాబట్టి బ్యాటరీ ఫుల్‌గా ఉంది.

ఛార్జర్ తీసిన వెంటనే చూస్తే ఏ లెడ్ యాసిడ్ బ్యాటరీ అయినా బాగానే కనిపిస్తుంది. ఆ వోల్టేజ్ ప్లేట్ల పైపైనే ఉంటుంది, కాసేపటికి దిగిపోతుంది. ఛార్జింగ్, లోడ్ రెండూ ఆపి కొన్ని గంటలు వదిలేశాక చూసిందే లెక్క. అప్పుడు నీళ్లు పోసే రకం బ్యాటరీలో 12.6 నుంచి 12.7 ఉంటే ఫుల్. 12.1, 12.2 ఉంటే సగం అయిపోయినట్టు. ఏజీఎం (నీళ్లు పోయనక్కర్లేని, మూసి ఉండే లెడ్ బ్యాటరీ రకం) అయితే కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వోల్టేజ్ బాగున్నంత మాత్రాన కెపాసిటీ బాగున్నట్టు కాదు. గ్లాసు నిండుగానే ఉంటుంది, కానీ ఆ గ్లాసే చిన్నదైపోయి ఉంటుంది. రాత్రి 12.7 చూపించి, ఫ్రిజ్ రెండు గంటలు నడవగానే చేతులెత్తేసే బ్యాటరీ సంగతి ఇదే. అనుమానం ఉంటే ఒక పరీక్ష చేయండి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లు ఇంటూ గంటలు) లెడ్ బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, 5 ఆంపియర్ల లోడ్ స్థిరంగా పెట్టి, వోల్టేజ్ 10.5కి దిగేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. 20 గంటలు వస్తే కొత్తదానితో సమానం. 16 గంటలు వస్తే 80 శాతం మిగిలింది, మార్చే ఆలోచన మొదలుపెట్టాలి. 10 గంటలే వస్తే సగం పోయింది. పరీక్ష అయిన వెంటనే మళ్లీ ఫుల్ ఛార్జ్ పెట్టడం మర్చిపోకూడదు. ఖాళీగా వదిలేస్తే పరీక్షే దాన్ని పాడుచేస్తుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో అయితే వోల్టేజ్ చూసి ఛార్జ్ అంచనా వేయడం దాదాపు కుదరదు. 30 శాతానికీ 70 శాతానికీ మధ్య తేడా 0.2 వోల్ట్ అటూ ఇటూ మాత్రమే. దానికి షంట్ (కరెంటును కొలవడానికి వైరు మధ్యలో పెట్టే చిన్న నిరోధం) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోవాలి. అది లోపలికి వెళ్లే కరెంటును, బయటికి వచ్చే కరెంటును లెక్కగడుతుంది. నెగటివ్ వైర్లన్నీ ఆ షంట్ మీదుగానే వెళ్లాలి. ఒక్క వైరు నేరుగా బ్యాటరీకి తగిలించినా లెక్క తప్పుతుంది.

అపోహ: రోజూ కాసేపు ఇంజిన్ నడిపితే చాలు, బ్యాటరీ నిండిపోతుంది.

బ్యాటరీల్ని ఎక్కువగా చంపేది ఇదే. లెడ్ బ్యాటరీ 80 శాతం దాకా చకచకా ఎక్కించుకుంటుంది. అక్కడి నుంచి నెమ్మదిస్తుంది. మిగతా 20 శాతం ఎక్కడానికి 14.4 వోల్ట్‌ల దగ్గర నాలుగైదు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అరగంట ఇంజిన్ నడిపితే ఆ భాగాన్ని ముట్టుకోవడం కూడా ఉండదు. పైగా ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు తయారుచేసే యంత్రం) తన పూర్తి సామర్థ్యంలో కొంతే ఇస్తుంది. అలా నిండకుండా వారాల తరబడి వాడితే ప్లేట్ల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఆ భాగం ఇక పనిచేయదు. దీన్నే సల్ఫేషన్ అంటాం. వారానికి ఒక్కసారైనా బయటి కరెంటుతోనో సోలార్‌తోనో పూర్తిగా నిండేలా చూడండి. లెడ్ బ్యాటరీకి ఇంతకు మించిన వైద్యం లేదు.

ఒక వ్యాన్ విషయం చెప్పాలి. రెండేళ్లు తిరక్కుండానే రెండో జత ఏజీఎం బ్యాటరీలు పోయాయని వచ్చారు. ఛార్జర్ మంచిదే, సెట్టింగ్ సరిగానే ఉంది, స్క్రీన్ మీద 14.4 కనిపిస్తోంది. 30 ఆంపియర్లు వెళ్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద నేరుగా మీటరు పెట్టి చూస్తే 13.6. మధ్యలో 0.8 వోల్ట్ మాయం. వైరు వెంబడి చెయ్యి పోనిస్తూ వెళ్తే ఒక లగ్ (వైరు చివర నొక్కి బిగించే లోహపు తొడుగు) దగ్గర వేలు ఆగలేదు, కాలింది. లెక్కేస్తే 24 వాట్లు, అంతా ఆ ఒక్క జాయింట్ దగ్గరే వేడిగా పోతోంది. పైనున్న ట్యూబ్ కోసి చూశాను. రాగి పోగుల్లో సగం లగ్ బయటే ఉన్నాయి, మిగతావాటి మీద పచ్చటి పొడి. కాస్త గట్టిగా లాగితే లగ్ చేతిలోకి వచ్చేసింది. ఛార్జర్ లెక్కలో వోల్టేజ్ చేరింది, టైమర్ పూర్తయింది, అది ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజ్ దశలోకి వెళ్లిపోయింది. బ్యాటరీ మాత్రం ఏ రోజూ కడుపు నిండా ఛార్జ్ అవలేదు. రెండు జతల బ్యాటరీలు పోవడానికి కారణం ఆ ఒక్క లగ్. మొదటి జత మార్చినవాళ్లు మీటరు రెండు చోట్ల పెట్టి ఉంటే రెండో జత దక్కేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: 100 ఏహెచ్ అంటే 100 ఆంపియర్లు గంటసేపు వాడుకోవచ్చు.

లెడ్ బ్యాటరీ మీద రాసే సంఖ్య సాధారణంగా 20 గంటల లెక్క, అంటే 5 ఆంపియర్ల చొప్పున. ఎక్కువ కరెంటు లాగితే వచ్చే మొత్తం తగ్గిపోతుంది. పొయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే దీనికి సూత్రం రాశాడు. 12 వోల్ట్‌ల మీద 1000 వాట్ల కెటిల్‌ని ఇన్వర్టర్‌తో నడిపితే 90 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఒక్క 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీ గంటసేపు అలా ఇవ్వలేదు. పైగా దాన్ని 50 శాతం కన్నా కిందికి దించకుండా వాడితేనే ఎక్కువ కాలం వస్తుంది. లిథియంలో ఈ నష్టం చాలా తక్కువ.

అపోహ: పాతది తీసి ఆ స్థానంలో లిథియం పెట్టేస్తే ఇక ఏమీ చూసుకోనక్కర్లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి బ్యాటరీ, నేనూ ఎక్కువగా అదే వేస్తాను. బరువు దాదాపు సగం, కెపాసిటీలో 80 శాతానికి పైగా ధైర్యంగా వాడుకోవచ్చు, వేలసార్లు నింపి ఖాళీ చేసినా నిలుస్తుంది. సగం ఛార్జ్‌లో ఉన్నా దానికి నష్టం లేదు. అయితే చుట్టూ ఉన్న సామాను దానికి తగ్గట్టు మారాలి.

మొదటిది ఛార్జర్. 14.2 నుంచి 14.6 మధ్య, తయారీదారు చెప్పిన చోట పెట్టాలి. పాత ఛార్జర్లలో ఈక్వలైజేషన్, డీసల్ఫేషన్ అనే మోడ్‌లు ఉంటాయి, అవి 15 వోల్ట్‌లు దాటిస్తాయి. వాటిని ఆపేయాలి. చలికి వోల్టేజ్ పెంచే టెంపరేచర్ కాంపెన్సేషన్ లెడ్ బ్యాటరీకి అవసరం, లిథియంకి వద్దు.

రెండోది ఆల్టర్నేటర్. లిథియంకి లోపలి నిరోధం తక్కువ కాబట్టి ఇచ్చినంత కరెంటు లాగేసుకుంటుంది. ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి లోడ్ మీద నడవడానికి చేసింది కాదు, వేడెక్కి కాలిపోవచ్చు. అంతకన్నా టెన్షన్ పెట్టే విషయం ఇంకొకటి ఉంది. నడుస్తుండగా బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే కంట్రోల్ సర్క్యూట్) హఠాత్తుగా కనెక్షన్ తెంపేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. మధ్యలో డీసీ–డీసీ ఛార్జర్ (ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంటుకు హద్దు పెట్టి, బ్యాటరీకి తగ్గ వోల్టేజ్‌లో ఇచ్చే పరికరం) పెడితే ఈ రెండు సమస్యలూ తీరతాయి. కొత్త వాహనాల్లో ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ను కంప్యూటరే తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి వాటిలో లెడ్ బ్యాటరీకి కూడా ఇది కావాలి.

మూడోది చలి. సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. అప్పుడు లిథియం గ్రాఫైట్ లోపలికి ఇంకకుండా పైన లోహపు పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ సరికాదు. వాడుకోవడానికి మాత్రం ఆ చలిలోనూ ఇబ్బంది లేదు. మంచు పడే చోట తిరిగేవాళ్లు చలిలో ఛార్జింగ్‌ను ఆపేసే లో టెంపరేచర్ కటాఫ్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

అపోహ: లిథియం అంటే పేలిపోతుంది, లెడ్ అయితే భయం లేదు.

ఫోన్లలో వాడే కోబాల్ట్ రకం వేరు, ఈ ఐరన్ ఫాస్ఫేట్ వేరు. వేడికి ఇది చాలా నిలకడగా ఉంటుంది. లెడ్ బ్యాటరీ కూడా భయం లేనిదేమీ కాదు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మనం పడుకునే గదిలోనే, మంచం కిందే బ్యాటరీ పెడుతున్నాం కదా! నీళ్లు పోసే రకమైతే మూసిన పెట్టెలో పెట్టి, గొట్టంతో గాలి వ్యాన్ బయటికి వదలాలి.

రెండు రకాల్లోనూ అసలు ప్రమాదం షార్ట్ సర్క్యూట్. పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది వైరును కాబట్టి దాని సైజు వైరు మోయగలిగే కరెంటును బట్టి ఉండాలి. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. ఆ ధాటికి మామూలు ఫ్యూజ్ తెగినా లోపల మంట ఆగకపోవచ్చు. అందుకే నేను, అంత కరెంటును కూడా తెంపగల క్లాస్ టీ ఫ్యూజ్ తప్ప వేరేది వేయను.

అపోహ: అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేసి నింపాలి, లేకపోతే బ్యాటరీకి అలవాటైపోతుంది.

అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల సంగతి. లెడ్‌కి, లిథియంకి వర్తించదు. లెడ్‌ను అలా ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గించినట్టే.

అపోహ: నీళ్లు తగ్గితే కాస్త యాసిడ్ పోస్తే బలం వస్తుంది.

ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ అందులోనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఫుల్ ఛార్జ్ అయ్యాకే పోయాలి, ఎందుకంటే ఛార్జింగ్‌లో మట్టం పెరిగి పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత వరకు పోసి, ఆ తర్వాత ఛార్జ్ పెట్టండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మూత తీయొద్దు.

అపోహ: రెండింట్లో ఒకటే పోయింది, అదొక్కటి మారిస్తే సరిపోతుంది.

లెడ్ బ్యాటరీలు సమాంతరంగా కలిపి ఉన్నప్పుడు పాతది కొత్తదాన్ని కిందికి లాగుతుంది. మారిస్తే రెండూ మార్చండి, ఒకే రకం, ఒకే సైజు, ఒకే వయసువి వేయండి. కలిపేటప్పుడు పాజిటివ్ మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్ చివరి బ్యాటరీ నుంచి తీసుకోండి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే అది ఎక్కువ పనిచేసి ముందే అలిసిపోతుంది.

అపోహ: మెయిన్ స్విచ్ ఆపేశాను, నెలల తరబడి అలాగే వదిలేయొచ్చు.

గ్యాస్ అలారం, కొన్ని కంట్రోల్ ప్యానెళ్లు తరచుగా ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా కలిపి ఉంటాయి. 50 మిల్లీఆంపియర్లు చూడటానికి చాలా తక్కువ, కానీ రోజుకు 1.2 ఏహెచ్ చొప్పున నెలకు 36 ఏహెచ్ పోతుంది. లెడ్ బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి టెర్మినల్ తీసి ఉంచండి, రెండు మూడు నెలలకొకసారి మళ్లీ నింపండి. లిథియంని దాదాపు సగం ఛార్జ్‌లో ఉంచి, లోడ్లు, ఛార్జర్ రెండూ తీసేయండి.

అపోహ: మార్చడం ఎంతసేపు, రెండు నట్లే కదా.

ముందు ఇప్పుడున్న కనెక్షన్ల ఫొటో తీసుకోండి. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. సోలార్ ప్యానెల్ వైర్లు కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు ఇచ్చే పరికరం) నుంచి ముందే విప్పాలి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కరెంటు వస్తే కొన్ని కంట్రోలర్లు పాడవుతాయి. లోడ్లన్నీ ఆపి, ముందు నెగటివ్, ఆ తర్వాత పాజిటివ్ తీయండి. ఈ వరుసలో వెళ్తే పొరపాటున పానా బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర, ఆ తర్వాతే సోలార్. 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీ 25 నుంచి 30 కిలోల దాకా ఉంటుంది. సడన్ బ్రేక్ వేస్తే అది ఎగిరి మనిషి మీద పడకుండా బెల్టుతోనో క్లాంపుతోనో నేలకు గట్టిగా బిగించాలి. పాతదాన్ని రీసైక్లింగ్‌కే ఇవ్వండి, అందులోని సీసం మళ్లీ పనికొస్తుంది.

అన్నీ అయ్యాక ఛార్జర్ ఆన్ చేసి, కరెంటు బాగా వెళ్తుండగా ఛార్జర్ దగ్గర ఒకసారి, బ్యాటరీ టెర్మినల్స్ మీద ఒకసారి వోల్టేజ్ చూస్తాను. ప్రతి లగ్‌నూ వేలితో తాకి చూస్తాను. తేడా 0.2 వోల్ట్ లోపు ఉండి, ఏదీ వేడెక్కకపోతేనే పెట్టె మూత వేస్తాను.