డేటా అనలిటిక్స్ డిగ్రీ: ఏ పాఠం ముందు, ఏ పాఠం తరువాత

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఇంటర్ పూర్తిచేసి డేటా అనలిటిక్స్ డిగ్రీలో చేరబోతున్నామనీ, ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు తీసుకోవాలో చెప్పమనీ అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఈ ప్రశ్న నా మనసుకు చాలా దగ్గరిది. సిలబస్ పుస్తకంలో సబ్జెక్టుల పేర్లు వరుసగా అచ్చువేసి ఉంటాయి గాని, ఏది దేనిమీద నిలబడిందో అందులో కనిపించదు. ఆ సంగతి ఒక్కటి పట్టుబడితే మిగిలిన ప్రణాళికంతా మీరే వేసుకోగలరు.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. కాగితం, పెన్సిలు తీసుకుని నాతోపాటు మీరూ చేయండి. ఎండాకాలంలో మజ్జిగ అమ్మే బండి ఒకటి ఉందనుకోండి. 36, 38, 40, 42, 44 డిగ్రీల ఎండ కాసిన ఐదు రోజుల్లో వరుసగా 50, 58, 62, 74, 76 గ్లాసులు అమ్ముడయ్యాయి. ఎండ సగటు 40, గ్లాసుల సగటు 64. ప్రతి రోజుకూ ఈ సగటుల నుంచి ఎంత తేడా ఉందో రాసుకుని, ఏ రోజు తేడాలను ఆ రోజే గుణించి, అన్నీ కూడితే 136 వస్తుంది. ఎండ తేడాల వర్గాల మొత్తం 40. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.4. అంటే ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు మూడున్నర గ్లాసులు ఎక్కువ పోతున్నాయన్నమాట. మీరు ముందుముందు చదవబోయే ప్రతిగమనం, అంటే రిగ్రెషన్, ఇదే. ఐదు రోజులనూ గ్రాఫు మీద ఐదు చుక్కలుగా పెడితే, వాటి మధ్యగా పోయే గీత వాలే ఈ 3.4.

ఇప్పుడు ఇదే సూత్రంతో 20 డిగ్రీల చలిరోజున ఎన్ని గ్లాసులు పోతాయో కట్టండి. ఇరవై డిగ్రీలు తగ్గాయి కనుక 64 లోంచి 68 తీసేయాలి. మైనస్ నాలుగు గ్లాసులని వస్తుంది. గుణకారంలోనూ భాగహారంలోనూ ఎక్కడా పొరపాటు లేదు. 36కూ 44కూ మధ్య చూసిన సంబంధాన్ని మనం ఎన్నడూ చూడని చోటికి లాక్కుపోయాం, అంతే. కంప్యూటర్‌ను అడిగినా ఈ జవాబునే ఏ అభ్యంతరమూ చెప్పకుండా తెర మీద చూపిస్తుంది. ఇది చెల్లదని గుర్తుపట్టవలసింది మీరు.

ఈ ఒక్క గీత వెనుక ఎన్ని పాఠాలు దాగి ఉన్నాయో చూడండి. చుక్కలకూ గీతకూ మధ్య ఉన్న తేడాల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండే గీత ఏదో కనుక్కోవాలంటే అవకలనం రావాలి. ఎండతోపాటు ఆ రోజు సంత ఉందా, గ్లాసు ధర ఎంత వంటివి కూడా చేర్చితే లెక్క మాత్రికల్లోకి మారుతుంది. అక్కడ ఒకే ఎండను తెలియక సెల్సియస్‌లో ఒక వరుసగానూ, ఫారెన్‌హీట్‌లో మరో వరుసగానూ పెట్టారంటే విలోమ మాత్రికే దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే లీనియర్ ఆల్జీబ్రా చదివి ఉండాలి. ఈ ఐదు రోజుల బదులు మరో ఐదు రోజులు తీసుకుంటే 3.4 ఎంత మారవచ్చో చెప్పడానికి సంభావ్యత, శాంప్లింగ్ (కొన్నింటిని ఎంచి మొత్తాన్ని అంచనా వేయడం), పరికల్పనల పరీక్ష (ఒక ఊహను డేటా సమర్థిస్తోందో లేదో చూడడం) కావాలి. ఐదేళ్ల బిల్లులు చేతికొస్తే వాటిని డేటాబేస్‌లోంచి బయటికి తీయడానికి ఎస్‌క్యూఎల్ అనే భాష, శుభ్రం చేయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి.

కాబట్టి మీ పట్టికలో రిగ్రెషన్‌ను మూడో సెమిస్టర్ చివర గాని నాలుగో సెమిస్టర్ మొదట గాని గుర్తుపెట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. మొదటి సెమిస్టర్‌లో అవకలనం ఉండే కలనగణితం (కాల్కులస్), సగటు, విస్తృతి మొదలైన ప్రాథమిక స్టాటిస్టిక్స్, పైథాన్ మూడూ కలిసి నడవాలి. రెండో సెమిస్టర్‌లో మాత్రికలు, సంభావ్యత, డేటాబేస్. మూడోదాంట్లో శాంప్లింగ్, అంచనా, పరికల్పనల పరీక్ష. వీటన్నిటి తరువాతే మెషీన్ లెర్నింగ్, అంటే పాత డేటా నుంచి కంప్యూటర్ నేర్చుకుని కొత్తదాన్ని అంచనా వేసే పద్ధతులు. ఐదు, ఆరు సెమిస్టర్లు టైమ్ సిరీస్ (కాలక్రమంలో వచ్చే అంకెల అధ్యయనం) వంటి ఎలెక్టివ్‌లకూ, అంటే మీరే ఎంచుకునే సబ్జెక్టులకూ, ప్రాజెక్టుకూ ఉంచుకోండి. ఎక్సెల్, పవర్ బీఐ వంటివాటికి విడిగా పేపరు వెతుక్కోనక్కరలేదు, సెలవుల్లో నేర్చుకోవచ్చు.

ఈ వరుస తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక కాలేజీలో మెషీన్ లెర్నింగ్‌ను మూడో సెమిస్టర్‌లో పెట్టి, సంభావ్యతను ఐదుకు నెట్టేశారు. పిల్లలు ల్యాబ్‌లో ప్రోగ్రామ్ చక్కగా నడిపారు, ఫలితమూ వచ్చింది. అదే ప్రోగ్రామ్‌ను రెండోసారి నడపమన్నాను. కచ్చితత్వం మొదటిసారి వచ్చినంత రాలేదు. ఎందుకు మారిందని అడిగితే ముప్పైమందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. నేర్పడానికి కొన్ని వరుసలు, పరీక్షించడానికి కొన్ని వరుసలు అని ప్రోగ్రామ్ డేటాను యాదృచ్ఛికంగా విడదీస్తుంది. ప్రతిసారీ వేరే వరుసలు పడతాయి కనుక జవాబూ మారుతుంది. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్లకు ముందు చెప్పవలసిన పాఠాన్ని పెద్దలమైన మేము తరువాత పెట్టాము, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వరుసను గట్టిగా పాటించే కోర్సు ఎలా ఉంటుందో చూడాలంటే మద్రాస్ ఐఐటీ 2020లో ఆన్‌లైన్ పాఠాలతో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీని గమనించండి. అక్కడ గణితం రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లీషు రెండు, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్ కలిపి ఎనిమిది పునాది కోర్సులు, 32 క్రెడిట్లు. అవన్నీ పాసయ్యాకే ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ డిప్లొమాల స్థాయికి వెళ్లనిస్తారు. మొత్తం 114 క్రెడిట్లకు బీఎస్సీ, 142కు నాలుగేళ్ల బీఎస్. మీరు అందులో చేరకపోయినా ఆ వరుసను మీ కాలేజీ పట్టిక పక్కన పెట్టి పోల్చుకోండి.

క్రెడిట్ అనే మాటకు అర్థం ముందే తెలుసుకోండి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం, లేదా 30 గంటల ల్యాబ్. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. అంటే సెమిస్టర్‌కు సుమారు 20 క్రెడిట్లు. ల్యాబ్ క్రెడిట్లు ఎక్కువున్న సెమిస్టర్ కాగితం మీద తేలికగానే కనిపిస్తుంది గాని గంటలు రెట్టింపు తింటుంది కనుక, గణితం బరువుగా ఉన్న సెమిస్టర్‌లో ల్యాబ్ ఎలెక్టివ్‌లు పెట్టుకోవద్దు. నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చేయాలనుకునేవారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. అందుచేత ఆ నిర్ణయం మొదటి ఏడాది నుంచే మనసులో ఉండడం మంచిది. యూనివర్సిటీని బట్టి వివరాలు మారతాయి కనుక మీ నిబంధనల పుస్తకం తప్పక చదవండి.

మైనర్, అంటే ప్రధాన సబ్జెక్టుతోపాటు తీసుకునే రెండో సబ్జెక్టు, విషయంలో నా అభిప్రాయం గట్టిది. మూడేళ్ల డిగ్రీలో దానికి కేటాయించిన 24 క్రెడిట్లను మరో కంప్యూటర్ సబ్జెక్టుకు ఖర్చుచేయకండి. ఆర్థికశాస్త్రమో, వ్యవసాయమో, ప్రజారోగ్యమో, మీ కాలేజీలో దొరికేదాన్ని బట్టి అంకెలు పుట్టే రంగం ఒకదాన్ని ఎంచుకోండి. ఎందుకంటారా? ఒక విద్యార్థిని ప్రాజెక్టు కోసం ఆదిలాబాద్ జిల్లా పత్తి సాగు గణాంకాలు పదేళ్లవి తెచ్చి గీత గీసింది. మధ్యలో గీత ఒక్కసారిగా కుప్పకూలింది. వానలు పడలేదేమోనని, ధర పడిపోయిందేమోనని రెండు వారాలు వెతికింది. చివరికి తేలింది ఏమిటంటే 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు పది నుంచి 31 అయ్యాయి. పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కొమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి. పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, హద్దులే మారాయి. నాలుగు జిల్లాలనూ మళ్లీ కలిపి లెక్కవేస్తే ఆ పతనం మాయమైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, అక్కడి గణాంకాలకూ ఇదే జాగ్రత్త కావాలి. ఇటువంటిది ఏ సాఫ్ట్‌వేరూ మీకు చెప్పదు.

గణితానికి ఇంత సమయం ఎందుకని మీలో ఒకరిద్దరికి అనిపించవచ్చు. మన తెలుగువారైన ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, ఆ తరువాతే కలకత్తా వెళ్లి 1943లో స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. పూర్తిచేశారు. మరో రెండేళ్లకు, అంటే పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఫలితాలను అంచనాల అధ్యాయంలో మీరు మూడో సెమిస్టర్‌లో చదువుతారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ అధ్యాయానికి వచ్చినప్పుడు నాకు రాయండి, దాని మీద విడిగా ఉత్తరం రాస్తాను.

కాలేజీ తెరవడానికి ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి కదా. ఈలోగా మీ వీధిలోని ఏదో ఒక చిన్న దుకాణం ఎంచుకుని, యజమానిని అడిగి, పది రోజుల అమ్మకాలూ ఆయా రోజుల ఎండా నోటుపుస్తకంలో రాసుకుని, పైన చూపినట్టు చేత్తోనే లెక్కకట్టి పంపండి. సిలబస్ ప్రతి అందగానే దాన్నీ జతచేయండి. ఏ సబ్జెక్టు ఎక్కడికి జరపాలో ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య